పసుపు అట్ట

టాస్మానియాలోని ఆ ఊరి లైబ్రరీలో, చదవడానికి సాయపడే పరికరాలన్నీ బల్ల మీద పరిచింది పాఠం చెప్పే అమ్మాయి. ఎదురుగా ఉన్న శిష్యుడు యాభై ఎనిమిదేళ్ల కలపమిల్లు మనిషి. అక్షరాలు అతని కళ్లముందు ఏనాడూ కుదురుగా నిలవలేదు.

"పేజీ మీద ఈ పల్చటి నీలం ప్లాస్టిక్ కాగితం పరిచి చదవండి."

"ఇప్పుడు నీలంగా గంతులేస్తున్నాయి. అంతే తేడా."

"పోనీ ఈ పెన్ను. అచ్చు మీద గీస్తే చదివి వినిపిస్తుంది. మీ దగ్గర అచ్చు కాగితం ఏమైనా ఉందా?"

అతను జేబులోంచి నలిగిన పసుపు అట్ట తీసిచ్చాడు. ఆమె గీసింది. పెన్ను పలికింది: "మిషన్ ఆన్ చేయొద్దు. లోపల మనిషి ఉన్నాడు."

"ఇదెక్కడిది?"

"మా మిల్లుది. మిషన్ లోపల మనిషుంటే స్విచ్‌కి ఎర్ర అట్ట తగిలించేవాళ్లు. నేను రంగు చూసే నెట్టుకొచ్చాను తల్లీ. ఓ రోజు ఎర్రవి అయిపోయాయని అదే మాట పసుపు దాని మీద అచ్చేశారు. ఎర్రది కనపడక స్విచ్ వేశాను."

అడగకుండా ఉంటే బాగుండుననుకుంటూనే అడిగిందామె.

"లోపల ఎవరు?"

"క్లెమ్. మా చెల్లెలి మొగుడు. నాకు చదువు రాదని వాడికి కూడా చెప్పుకోలేదు."

"ఈ పెన్ను మీరు ఉంచుకోండి."

"ఇందాక చదవడానికి దానికెంతసేపు పట్టింది?"

"మూడు సెకన్లు."

అతను అట్టను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకెవరికైనా ఇవ్వమ్మా. నేను చదవాల్సింది అదొక్కటే."