మెరక మీదికి బండలు

తాండూరు శివారులో నాపరాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ. లారీకి బండలు ఎక్కిస్తున్నారు. సముద్రం ఇల్లు మింగేశాక గుల్లలపాలెం నుంచి వచ్చి ఇక్కడ పని చేసుకుంటున్న రాహేలమ్మ, మేస్త్రీ దేవప్పను వదలడం లేదు.

“మళ్లీ చెప్పన్నా. ఏ ఊరికన్నావు?”

“చెప్పిన గదమ్మా. ఆంధ్రా దిక్కు.”

“ఆంధ్రా అంటే బోలెడంత. డ్రైవరు గుల్లలపాలెం అన్నాడు. నా చెవులారా విన్నాను.”

“విన్నవు గదా, ఇగ నన్నెందుకు అడుగుతవు? గా బండ జర మెల్లగ పట్టు, అంచు ఇరుగుతది.”

“మా ఊరన్నా అది! అంటే మెరక మీద మా ఇళ్లు మొదలెట్టేశారన్నమాట!”

“గట్లనే అనుకో.”

“అనుకోవడమేంటి? ఇసక బస్తాలేశాం, సరుగుడు మొక్కలేశాం, రాళ్లు పోశాం. సంద్రం ఆగిందా? వీధికి వీధి తినేసింది. అప్పుడు గదా ఆఫీసర్లొచ్చి మెరక చూపించి, ఇల్లు పోయినోళ్లందరికీ ఇక్కడే జాగా అన్నారు. ఎంత పోటొచ్చినా నీళ్లెక్కని చోటు. దానికి కాపలాగానే మా ఆయన అక్కడ ఆగిపోయాడు. లేకపోతే నాతో వచ్చేసేవోడు కాదా?”

“ఊఁ.”

“ఊఁ ఏంటన్నా, సంతోషం లేకుండా? ఉండు, పద్మారాణికి చెప్పొస్తాను. మా వీధి ఆడోళ్లందరూ నా మాట మీదే వచ్చారు గదా ఇక్కడికి. ఎగిరి గంతేస్తారు.”

“ఇప్పుడే చెప్పకు.”

“ఎందుకు?”

“ఎందుకంటే… పని ఆగుతది. సేటు వికారాబాద్ పోయిండు. ఆయన వచ్చేలోపల లారీ కదలాలె.”

“సరేలే. ఇదిగో, ఈ బండ తీసెయ్. మచ్చుంది. మా ఇళ్లకి మంచివే పోవాలి.”

“రాహేలమ్మా… గివి ఇండ్లకు కాదు.”

“మరి? చర్చికా?”

“కాదు.”

“బడికా?”

“స్విమ్మింగ్ పూలుకు. ఈతకొట్టే తొట్టి సుట్టు పరుస్తరట.”

“సంద్రం పక్కన ఈత తొట్టేంటన్నా?”

“రిసార్టు కడుతున్రు. పట్నపోళ్లు వచ్చి ఉండేటందుకు. మీ మెరక మీదనే.”

“అబద్ధం.”

“అబద్ధమాడితే నాకేమొస్తది చెల్లె?”

“మెరక మాది. సంద్రం ఇంకా లోపలికొత్తే ఎల్లడానికి మాకు వేరే చోటు లేదు. మా ఊరోళ్లు ఊరుకోరు. మా ఆయన అసలే ఊరుకోడు.”

“కొట్లాడేటందుకు ఊర్ల ఎవరున్నరు? మీ మొగోళ్లు పడవల పనికని పరాయి రేవులకు పోయిన్రు, మీరంతా గిక్కడనే ఉంటిరి. జాగ అడిగేటోళ్లు లేరు, ఇడిచిపెట్టి పోయిన్రు అని ఆఫీసర్లకు చెప్పిన్రంట.”

“ఎవరు చెప్పారు?”

“నాకు తెల్వదు.”

“నా మొహం చూసి చెప్పు.”

“తెల్వదంటి గదా!”

“నాకీ పని ఇచ్చింది నువ్వు. మా ఆయన ఫోను చేసి అడిగితే ఇచ్చావు… అన్నా. మా ఆయనకి నీ నంబరు ఎవరిచ్చారు?”

“జర నీళ్లు తాగు. ఎండకు పరేషాన్ అయితున్నవు.”

“నీళ్లొద్దు. గుల్లలపాలెం ఎక్కడ, తాండూరు ఎక్కడ? వల లాక్కునేవోడికి నీ నంబరు ఎవరిచ్చారన్నా?”

“రిసార్టోళ్లు. మా సేటు తాన ఎప్పటిసంది బండలు కొంటున్రు వాళ్లు. మనుషుల్ని తోలుతం, పని ఇయ్యుర్రి అన్నరు. ఇచ్చిన. గంతే. లోపలి కథ నాకు తర్వాత తెలిసింది, నీ తోడు.”

“ఫోను చెయ్. అక్కడ రాళ్లు దించుకునేవోడికి.”

“వద్దు చెల్లె.”

“చెయ్యి. లేకపోతే ఈ లారీ చక్రం కింద పడుకుంటాను.”

“అయ్యో… సరే, స్పీకర్ల పెడుత. సప్పుడు చెయ్యకు. హలో? దేవప్పను, తాండూరుకెల్లి.”

“ఆఁ, దేవప్పగారా! బండి బయల్దేరిందాండీ? ఇక్కడ ఓనరుగారు తెగ తొందరపెడతన్నారు.”

“బయల్దేరుతది, సామేలు.”

“మా ఆడోళ్లు బాగున్నారా? పండగని, పెళ్లని ఎవరికీ సెలవులివ్వకండి బాబూ. ప్రహరీ గోడ లేచేదాకా ఒక్కళ్లు కూడా ఇటు రాకూడదు.”

“ఏమయ్యా.”

“ఎవరది?”

“నేనే. నీ పెళ్లాన్ని. మెరకకి కాపలా ఉంటానన్నావు. బాగానే కాస్తన్నావు.”

“రాహేలూ… ముందా స్పీకరు తీసెయ్. ఫోను చెవి దగ్గర పెట్టుకో.”

“ఎందుకు? దేవుడు వింటాడనా?”

“మనకి ఇచ్చారే. మనకొక్కళ్లకే. గేటు పక్కన రెండు గదులు, పైన శ్లాబు. ఉప్పెనొచ్చినా గడప తడవదు. అందరికీ రాదని ఎప్పుడో తేలిపోయింది, నన్నేం చెయ్యమంటావు? ఇదంతా నీ కోసమే గదా…”

“అందర్నీ నాతో పిలిపించావు. నువ్వు చెబితే వింటారు అన్నావు.”

“విన్నారు గదా మరి.”

“అక్కా! ఫోనులో ఎవరు, బావేనా? మన ఇళ్ల కబురేనా?”

“పద్మారాణి వస్తున్నది. నేను ఏదో ఒకటి చెప్పి తోలుత. నువ్వు మాట్లాడకు చెల్లె.”

“నేనే చెప్తానన్నా. నా మాటంటే దానికి గురి. పద్మా, అందర్నీ పిలువు. ఈ లారీ మనూరికే ఎల్తాది, బండల మీద ఎక్కి కూకోండి. మీ ఇళ్ల జాగా అమ్మేసింది మా ఆయనే.”