పసుపు పూసిన కాగితాలు

కాశీబుగ్గలో ఒక జెరాక్సు షాపు. శుభలేఖలు వేయించుకున్న హరిశ్చంద్రపురం రైతు ఇంకా అక్కడే ఉన్నాడు. షాపు నడిపే ఆవిడ లేజర్ ప్రింటర్ మూత తెరిచింది. వెనక బల్ల మీద ఒకామె తన కార్డుల కోసం ఎదురుచూస్తోంది.

“ఛీ! మావా, రోలరుకి ఈ పసుపు బంకేటి?”

“మా కాగితాలదేనమ్మీ. నువ్వు ఫోన్లో ఉన్నావని నానే ట్రేలో పెట్టీసినాను.”

“మామూలు తెల్ల పేపరు పెట్టమన్నాను కదా!”

“అది పల్సగుంది. ఇది టెక్కలంతా తిరిగి ఏరి తెచ్చిన మెరుపు కాగితం.”

“ఇది ఇంకు ప్రింటర్లకి. లేజర్ వేడికి దీని పైపూత కరిగిపోతాది. మళ్లీ దానికి పసుపొకటా?”

“అచ్చేసినాక రాత్తే అచ్చరాలు పాడవుతాయని మా అప్ప ముందే తడిపసుపు రాసీసింది.”

“థూ! అన్ని కాగితాలకీనా?”

“నాలుగు మూలలే కదమ్మీ. మా కార్డులు బాగానే వచ్చినాయి.”

“నీయి వచ్చినాయి. నీ తరవాత ఏసినయి సూడు, అన్నిటికీ పసుపు మరకలే.”

“పసుపు శుభమే కదా. ఎవులు కాదంతారు?”

“ఇవి పెద్దకార్యం కార్డులు మావా. మనిషి పోయి తొమ్మిది రోజులైంది.”

“అయ్యో... తుడిసీసి ఇచ్చీ మరి. ఎవులికి తెలుత్తాది?”

“నీ ఎనకాల బల్ల మీద కూకుంది సూడు, ఆ యమ్మ మొగుడే పోయినాడు. ఇంద, నువ్వే ఇయ్యి. పసుపు శుభమని నువ్వే సెప్పు.”