మాత్రల సంగతి చెప్పని సాక్ష్యం

మళ్ళీ నా పేరెందుకు వేయించారండీ అయ్యగారూ కార్డులో? వద్దని ముందే అమ్మగారితో కబురు పంపాను కదా. 'సాక్ష్యము: శ్రీమతి ఆదెమ్మ, రిటైర్డ్ టీచర్' అని పెద్దక్షరాలతో కొట్టించేశారు. గుడి యాభై ఏళ్ళ పండగంటే చెప్పేవాళ్ళే కరువయ్యారా మీకు?

సరే, కూర్చోండి. కరెంటు పోయింది. కుర్చీ ఆ కిటికీ పక్కకి లాక్కోండి, కాలవ గాలి వస్తుంది.

మీరు ఇక్కడికి పాస్టరుగా వచ్చి ఏడాది కాలేదు. మీకెలా చెప్పుంటారో నాకు తెలుసు. ఆదెమ్మ టీచరుగారికి టీబీ వస్తే ప్రార్థనతో తగ్గిపోయింది, కంకిపాడు చుట్టుపక్కల ఆ సాక్ష్యం వినని సంఘం లేదు అని. అంతేనా?

టీబీ వచ్చిన మాట నిజమే. తొంభై రెండులో. కళ్ళెలో రక్తం పడేది. మా ఆయన, కృపానందం గారు, నెలనెలా బెజవాడ వెళ్ళి గవర్నమెంటు ఆస్పత్రిలో మాత్రలు తెచ్చేవారు. తొమ్మిది నెలలు మింగానండి. ఒక్కరోజూ మానలేదు. పొద్దున్నే పరగడుపున ఎర్ర గొట్టం మాత్ర. అది వేసుకుంటే ఒంటేలు కూడా ఎర్రగా వచ్చేది. మీ దగ్గర అనకూడదు గానీ, చెప్పాలి మరి. ప్రార్థనా చేశాను. మోకాళ్ళు కాయలు కాసేదాకా చేశాను. రెండూ నిజమే.

మొదటిసారి సాక్ష్యం చెప్పినప్పుడు మాత్రల సంగతీ చెప్పాను. జనం ఊరికే విన్నారు. రెండోసారి ఉయ్యూరు కూటంలో ఎందుకో ఆ ముక్క జారిపోయింది. ఆరోజు ఆడవాళ్ళు ఏడ్చారండి. అయిపోయాక నా చుట్టూ చేరి, పిల్లల తలల మీద చెయ్యి వెయ్యమన్నారు.

మూడోసారి మాత్రం కావాలనే వదిలేశాను.

అలా ఏళ్ళ తరబడి చెప్పాను. చెప్పగా చెప్పగా, మాత్రలు మింగిన సంగతి నాకే సరిగా గుర్తులేకుండా పోయింది. నమ్ముతారా?

ఆయనకి తెలీదా అంటారా? తెలీకేం. ఒకసారి బస్సులో తిరిగొస్తుంటే, "నేను తెచ్చిన మాత్రలు ఏమైపోయినయ్యే?" అన్నారు. నవ్వుతూనే. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నా.

అంకాలమ్మ అని, చేపలమ్మే ఆవిడ, మీరు చూసే ఉంటారు. కొల్లేటి నుంచి వచ్చి కంకిపాడులో స్థిరపడ్డవాళ్ళు. మన మతం కాదు. తొంభై ఏడులో కూతుర్ని తీసుకొచ్చింది నా దగ్గరికి. ఉష. పంతొమ్మిదేళ్ళ పిల్ల. దానికీ టీబీయే. రెండు నెలలు మాత్రలు వేసుకుందిట, ఒకటే వాంతులుట.

ఇదిగో, ఈ గుమ్మం దగ్గరే కూర్చుని ఆ పిల్లే అడిగింది. "అమ్మగారూ, మీరు మందులేమన్నా మింగారా, ఉత్త ప్రార్థనతోనే తగ్గిందా?"

అంత సూటిగా నన్నెవరూ అడగలేదండి అంతకుముందు. మింగానమ్మా అంటే అయిపోయేది. అంకాలమ్మ చేతులు కట్టుకుని నా మొహంలోకే చూస్తోంది. నేను, "దేవుడికి అసాధ్యమేముందమ్మా" అన్నాను.

అబద్ధం కాదు కదా అంటారా? నేనూ అలాగే అనుకున్నా.

ఆ పిల్ల మాత్రలు మానేసింది. ప్రతి శనివారం నా చేత ప్రార్థన చేయించడానికి తీసుకొచ్చేది తల్లి. భుజం మీద చెయ్యి వేస్తే ఎముకలే తగిలేవి. నాకు తెలీని జబ్బా అది? మాత్రలు మళ్ళీ మొదలుపెట్టమ్మా అని నోటిదాకా వచ్చేది. అంటే, ఇన్నాళ్ళూ మీరు చెప్పిందేంటి అని అడుగుతారు కదా. వచ్చే శనివారం చెబుదాంలే అనుకునేదాన్ని.

ఆగస్టులో పోయింది.

అంకాలమ్మ ఏమందో తెలుసా? "మీరు చెయ్యాల్సింది మీరు చేశారమ్మా, మా రాత అంతే" అంది. ఇంకో నెలకి మామూలుగానే చేపలు తెచ్చి గుమ్మంలో దింపింది.

మోకాళ్ళేసి, నన్ను తిట్టమని అడిగాను దేవుణ్ణి. 'క్షమించాను బిడ్డా' అని వినిపించింది లోపల. ఎంత హాయిగా ఉందో. మర్నాడు బడిలో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుంటే తట్టింది, ఆ గొంతు నాదేనని. అడిగేదీ నేనే, క్షమించేదీ నేనే. చిన్నప్పట్నించీ అదే గొంతు. నాకేది కావాలో అదే చెప్పేది. ఆ శనివారాల్లో ఒక్కసారన్నా, ఆ పిల్లకి నిజం చెప్పవే అని అనలేదు.

ప్రార్థన కోపంతో మానలేదండి. ఓరోజు మోకాళ్ళ మీంచి లేచాను, మళ్ళీ వెయ్యలేదు. అంతే.

మరి గుడికెందుకొస్తున్నానంటారా? పాట పాడేటప్పుడు పక్కమనిషి భుజం తగులుతుంది కదా, అందుకు. ఇదివరకు బియ్యం ఏరుకుంటూ, బట్టలారేసుకుంటూ ఆయనతో, అదే దేవుడితో, ఏదోటి మాట్లాడుతూనే ఉండేదాన్ని. ఇప్పుడూ అలవాటు కొద్దీ నోరు తెరుస్తాను. ఎవరికి చెప్పను?

కృపానందం గారికి కూడా చెప్పలేదు. మూడేళ్ళ క్రితం పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "వెనకాలే వస్తావుగా, అక్కడ కలుద్దాం" అన్నారు. "వస్తానండి" అన్నాను. ఇంకేమనను?

కిందటి వారం మీ కార్డు చూశాక అంకాలమ్మకి చెప్పేశాను. మొత్తం. చేపలు కడుగుతున్నదల్లా ఆగింది. "మింగితే బతికేదా అమ్మగారూ?" అంది. "బతికేదేమోనే" అన్నాను. రోజూ గంప ఎత్తుకునేటప్పుడు నన్నో చెయ్యి వెయ్యమనేది. ఆరోజు తనే తంటాలు పడి ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఐదు రోజులైంది, రాలేదు.

కాబట్టి నా పేరు కొట్టేస్తే కొట్టేయండి. ఉంచితే ఇదంతా చెబుతాను. ముందు సగం చాలు అనకండి అయ్యగారూ, ఇన్నేళ్ళూ ముందు సగమే చెప్పాను.

లేస్తున్నారా? ఒక్క మాట అడగనా? సమాధుల దొడ్లో కృపానందం గారి పక్కన నాకని చోటు వదిలారు. నమ్మకం లేని మనిషిని అక్కడ పెట్టనిస్తారా మీ పెద్దలు?

అక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడరని నాకు తెలుసులెండి. అయినా ఆయన పక్కనే ఉండాలనిపిస్తోంది.