తోడల్లుడికి రెండు మేకులు, నాకు ఆరు

"రెండు మేకులు. అంతే. మా తోడల్లుడి దవడలో ఉన్నవి రెండంటే రెండు మేకులు. దానికే వాణ్ణి నెత్తిన పెట్టుకుని ఊరేగించేలా ఉన్నారు. నా నోట్లో ఎన్నున్నాయో ఒక్కరైనా అడిగారా?"

బోర్లు వేసే పెద్దాయన టీకొట్టులోకి వస్తూనే అందుకున్నాడు. నిజం చెప్పాలంటే నెల్లాళ్ళుగా ఆయన్ని ఎవరం ఏమీ అడగడంలేదు. ఇన్నేళ్ళూ సాయంత్రమైతే ఈ కొట్టులో మాట్లాడేది ఆయన, వినేది మేము. ఎదురు వీధిలో దర్జీ, అంటే ఆయన తోడల్లుడు, పళ్ళ డాక్టరు దగ్గర కింది దవడలో రెండు మేకులు దింపించుకుని, వాటిమీద పళ్ళసెట్టు టిచ్ బటన్ నొక్కినట్టు టక్కున పెట్టి టక్కున తీసి చూపించడం మొదలుపెట్టాక, అందరం దర్జీ చుట్టూ చేరాం. పెద్దాయన ఒక్కడే టీ తాగి వెళ్ళిపోయేవాడు. మాట్లాడకుండా టీ తాగడం ఆయనకి పస్తు పడుకోవడంతో సమానం.

ఆ రోజు దర్జీ కూడా అక్కడే, మూల కుర్చీలో ఉన్నాడు.

"ఎన్నున్నాయేం బాబాయ్?" అంది టీకొట్టు అక్క, గ్లాసు ముందు పెడుతూ.

"నాలుగు. మొన్ననే వేయించాను. గొప్పలు చెప్పుకోవడం నాకు పడదు కాబట్టి చెప్పలేదు. దారిన పోయేవాణ్ణి ఆపి నోరు తెరిచి చూపించే అలవాటు మా వంశంలో లేదు. వెళ్ళి కుర్చీలో వాలానా, డాక్టరు డ్రిల్లు పెట్టి నొక్కాడు, నొక్కాడు, చొక్కా తడిసిపోయింది ఆయనకి. ఏమైంది సార్ అంటే, బండ తగిలింది పెద్దాయనా అన్నాడు. తగలదా మరి? జీవితమంతా బోర్లు వేసినవాడి దవడ అది, సూదిలో దారం ఎక్కించి కొరుక్కునేవాడి దవడా? ఒక బిట్టు విరిగింది. ఇంకోటి విరిగింది. మూడోది పెట్టేసరికి వీధి వీధంతా కరెంటు పోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నొప్పి పుట్టింది," అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"పుట్టింది, డాక్టరుకి, భుజంలో. లెమ్మని ఆయన్ని పక్కన కూర్చోబెట్టి, మా డ్రైవరుకి ఫోన్ చేసి రిగ్గు బండి తెప్పించాను. గుమ్మంలో పట్టకపోతే గోడ కొట్టారు. దవడ నాదే, రిగ్గు నాదే, లీవరు నా చేతిలోనే. దుమ్ముకి నర్సులు గొడుగులు వేసుకుని నిలబడ్డారు. ఆరు బోర్లు దింపాను."

"నాలుగన్నావుగా?" అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"నాలుగు డాక్టరు చెప్పినవి. అంత బండి అంత దూరం వచ్చాక ఊరికే ఎందుకు పంపడమని ఇంకో రెండు వేసుకున్నాను, మధ్యలో అడ్డురాకు. ఆరోదాంట్లో నీళ్ళు పడ్డాయి. తియ్యటి నీళ్ళు. ఆ ఆసుపత్రికి ఎప్పట్నుంచో నీళ్ళ కరువట, మోటారు బిగించుకుంటాం, ఒక్క వారం కదలకుండా కూర్చోండి అని నా కాళ్ళు పట్టుకున్నారు. కూర్చున్నాను. పైనున్న ట్యాంకు నా నోట్లోంచే నింపారు. వాడి నోట్లో పడ్డాయేమో అడగండి నీళ్ళు. తడి కూడా తగిలి ఉండదు."

దర్జీ తన మూలలోనే కూర్చుని, వేయించిన శనగలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుని కరకరలాడిస్తున్నాడు. ఆ చప్పుడు వినపడినప్పుడల్లా పెద్దాయన కనుబొమ్మ ఎగిరిపడుతోంది.

"శనగలు నములుతాడట. మొన్న మా బోరులో పైపు ఇరుక్కుంది. గొలుసు తెగింది, క్రేను మూతి ముందుకు పెట్టి వంగిపోయింది. అందరూ చేతులెత్తేశారు. నేను చొక్కా చేతులు మడిచి, బోర్లా పడుకుని, పైపు కొస పళ్ళతో పట్టుకుని లేచాను. వచ్చింది. అలాగే లాక్కుంటూ నడిచాను. వీధి దాటాను, మార్కెట్టు దాటాను, పైపు వస్తూనే ఉంది. ఆ తర్వాత ఏమైందో చెప్పండి చూద్దాం."

"పైపు అయిపోయింది," అంది అక్క.

"ఆగిపోయింది. అవతల ఎవరో గట్టిగా పట్టుకున్నారు. చెవి ఆనించి విన్నాను. భూమికి ఆ పక్కనుంచి, ఏదో అర్థంకాని భాషలో అరుస్తున్నారు, మా బోరు పైపు లాగుతున్నదెవడ్రా అని."

"అర్థంకాని భాషయితే నీకెలా తెలిసింది?" అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"తిట్టు ఏ భాషలోనైనా తెలుస్తుందయ్యా. వాళ్ళు ఓ యాభైమంది, నేనొక్కణ్ణి. ఒక్క గుంజు గుంజాను. భూమి ఇంత పక్కకి జరిగింది. మొన్న పొద్దున మీ గడియారాలన్నీ కాస్త వెనకబడ్డాయా లేదా? అదే. నా సెట్టు మాత్రం ఇసుమంత కదల్లేదు. వాడి సెట్టుతో ఓ గుండీ పీకమనండి చూద్దాం."

పోస్ట్‌మ్యాన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నెల్లాళ్ళ తర్వాత అందరం మళ్ళీ ఆయనవైపు తిరిగి కూర్చున్నాం. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"సరే, ఏదీ, ఒకసారి తీసి చూపించు," అంది అక్క. "ఆయన చూపించాడుగా."

"నావి తియ్యకూడదు."

"తియ్యకపోతే కడిగేదెట్లా? ఆయన రోజూ తీసి కడుక్కుంటాడు."

పెద్దాయన గ్లాసు ఎత్తి, ఖాళీ గ్లాసులోంచే ఒక గుక్క తాగాడు.

అప్పుడు దర్జీ శనగల పొట్లం పక్కన పెట్టాడు. "అన్నయ్యా, నా సెట్టు కాస్త వదులైంది, లోపలి రబ్బరు రింగులు మార్పించుకుందామని నిన్న డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మీ తోడల్లుడట, ఒకాయన వచ్చాడండీ అన్నాడు. నోరు తెరిపిస్తే పళ్ళన్నీ ఉన్నాయట. ఒక్కటి పుచ్చింది లేదు, ఒక్కటి కదిలింది లేదు. అవన్నీ పీకేసి, మావాడికి పెట్టినటువంటి సెట్టే పెట్టండి, మేకులు మాత్రం ఇంకో రెండు ఎక్కువ వెయ్యండి అన్నావట. డాక్టరు పీకను పొమ్మంటే గుమ్మం దగ్గర నిలబడి బతిమాలావట."

నవ్వుదామనే అనుకున్నాం. కానీ పెద్దాయన మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన్నెప్పుడూ అలా చూడలేదు.

"అందరూ నీ దగ్గరికే వస్తున్నారు," అన్నాడు చివరికి, దర్జీతో. "నా మాట వినే దిక్కు లేదు. కుళ్ళి చచ్చాన్రా. ఏం చెయ్యమంటావు?"

"కుళ్ళు నీకొక్కడికేనా?" అన్నాడు దర్జీ. "రాత్రి ఈ సెట్టు తీసి నీళ్ళగిన్నెలో వేశాక నా మూతి నాకే చూడబుద్ధి కాదు. మనవరాలు కథ చెప్పమంటే ముందు లైటు ఆర్పమంటాను. మన పెళ్ళిళ్ళయిన దగ్గర్నుంచీ నీ పళ్ళు చూసి ఏడుస్తూనే ఉన్నాను అన్నయ్యా. వాటిలో సగం నాకుంటే ఆ డాక్టరు గడప తొక్కేవాణ్ణే కాదు."

పెద్దాయన తలెత్తాడు. తర్వాత మెల్లిగా మూతిమీద చెయ్యి తీసేసి, మావైపు ఒకసారి చూసి, సర్దుకుని కూర్చున్నాడు.

"ఆ చివర అన్నది వీళ్ళకి సరిగ్గా వినపడలేదు," అన్నాడు. "మళ్ళీ చెప్పు. కాస్త గట్టిగా."