ఫోన్ దొంగలకు నేనే పెద్దదిక్కు

"నా గొప్ప నేను చెప్పుకోకూడదు గానీ, ఈ ఫోన్ దొంగల్ని దారిలో పెట్టడం నాకు చిటికెలో పని. రిటైరయ్యేదాకా రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని రైళ్ళ నంబర్లు చదివినవాణ్ణి. నా గొంతు వింటే ఇంజను తలొంచుకుని వచ్చి ఆగేది. కావాలంటే మా బావమరిదిని అడగండి. దర్జీ, చేతినిండా కుట్టుపని. అయినా రోజూ కొట్టు వదిలేసి ఈ టీకొట్టుకొచ్చి నా పక్కనే కూర్చుంటాడు. ఎందుకు? నా మాటలు వినడానికి."

బావమరిది టీ ఊదుకుంటున్నాడు.

"మొన్నొకడు ఫోన్ చేశాడు. బ్యాంకు మేనేజర్నంటాడు. మీ ఖాతా ఆగిపోతుంది, మీకో నంబరు వస్తుంది, అది చదవండి అంటాడు. ఆ ఖాతాలో ఏముందనుకున్నారు? మా ఆవిడ కంటి ఆపరేషన్‌కి దాచిన డబ్బు. ఇంకొకడైతే కంగారుపడి చెప్పేసేవాడు. నేను గొంతు సవరించుకుని ఒక్కటే అడిగాను. నాయనా, నువ్వు ఏ ప్లాట్‌ఫాం మీదకి వస్తున్నావు?"

"ఏమన్నాడు?" అన్నాడు టీకొట్టాయన.

"ఏమంటాడు! వాడి గదిలో వందమంది కూర్చుని ఊరందరికీ ఫోన్లు చేస్తున్నారట. నా గొంతు వినగానే రైలొస్తోందనుకుని వందమందీ సంచులు సర్దుకుని లేచారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్ళ పెద్దాయన ఫోన్ తీసుకున్నాడు. పాపం, నాకంటే ముసలాడు. అయ్యా, జీవితమంతా ముసలివాళ్ళని ముంచి సంపాదించాను, ఇప్పుడు నేనే ముసలివాణ్ణయ్యాను, నన్నెవడు ముంచుతాడోనని నిద్ర పట్టట్లేదని భోరుమన్నాడు. వీలునామా రాశావా అన్నాను. లేదన్నాడు. నాకు ఒళ్ళు మండింది. బుర్ర పనిచేస్తున్నప్పుడే రాసుకోవాలయ్యా, ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టించుకోవాలయ్యా అని నాలుగు చీవాట్లు పెట్టాను."

"దొరికారా సాక్షులు?"

"అక్కడే వచ్చింది చిక్కు. అందరూ దొంగలే, ఒకడి సంతకం ఇంకొకడు నమ్మడు. సంతకం పెట్టమని పెన్నిస్తే పెన్ను కొట్టేస్తున్నారు. చివరికి విసిగిపోయి, అందరూ కలిసి నాకే పవరాఫ్ అటార్నీ ఇచ్చేశారు. వాళ్ళ మేడ, కార్లు, ఆడవాళ్ళ నగలు, అన్నిటికీ నేనే పెద్దదిక్కు. ఈ సంగతి సముద్రం అవతలి దొంగలకి తెలిసింది. మావీ మీరే చూసుకోండి మహాప్రభో అని ఓడెక్కి బయల్దేరారు. దారి తప్పుతారేమోనని ఇక్కణ్ణుంచే ప్రకటన చేశాను. ఓడ నీళ్ళు వదిలి, పట్టాలెక్కి, రెండో నంబరు ప్లాట్‌ఫాం మీద ఆగింది."

"ఓడకి చక్రాలెక్కడివి?"

"నా గొంతు విన్నాక మొలిచాయి. ఇప్పుడీ భూమ్మీద ఏ దొంగ ఎవరికి ఫోన్ చేయాలన్నా ముందు నన్నడగాల్సిందే."

అప్పుడే ఆయన జేబులో ఫోన్ మోగింది. "చూశారా, మాటల్లోనే వచ్చాడు. నా అనుమతి కోసమే," అంటూ అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాడు.

"సార్, మీ పెన్షన్ ఆగిపోతోంది. ఇప్పుడు మీకో నంబరు వస్తుంది, కాస్త చదువుతారా?" అంది అవతలి గొంతు.

ఫోన్ టింగుమంది. అంకెలు కనపడగానే ఆయన లేచి నిలబడ్డాడు. నడుము నిటారైంది. "ప్రయాణికులకు విజ్ఞప్తి," అన్నాడు ఖంగుమనే గొంతుతో. "నంబరు నాలుగు, సున్నా, ఏడు..."

బావమరిది ఒక చేత్తో ఆయన నోరు మూసి, రెండో చేత్తో ఫోన్ లాక్కుని కట్ చేశాడు. అప్పటిదాకా తాగుతున్న టీ అతని ఒళ్ళంతా ఒలికిపోయింది.

"మొన్న కూడా ఇలాగే చదివావు బావా. ఒకసారి కాదు, వాడు రాసుకునేదాకా మళ్ళీ మళ్ళీ, నిదానంగా. అక్క కంటి డబ్బు అలాగే పోయింది."

ఆయన బెంచీ మీద మెల్లగా కూర్చున్నాడు. "మరి నువ్వు రోజూ వచ్చేది నా మాటలు వినడానికేగా?"

"అక్క పంపిస్తే వస్తున్నా," అన్నాడు బావమరిది, చొక్కా దులుపుకుంటూ. "పొద్దున్నే గోడ పట్టుకుని మా కొట్టుదాకా నడిచొస్తుంది. వెళ్ళి మీ బావ పక్కన కూర్చోరా, ఎన్ని కోతలైనా కోసుకోనీ, ఫోన్ మోగితే మాత్రం ఆయన నోరు మూసెయ్ అంటుంది."