మూలలోని ముఖం

టిక్కుమని మీట నొక్కిన చప్పుడు ముందు వినిపించింది; ఆ తర్వాతే తెర వెలిగి, ఇంటిల్లిపాదీ నిలబడిన ఫోటో కనిపించింది. దాన్ని గోడకెక్కించాలని కూతురి ఆశ. లెన్సులు పరీక్షించడమే వృత్తిగా బతికిన తండ్రి కళ్లజోడు సవరించుకున్నాడు.

“మధ్యలో బాగానే ఉంది కదా, నాన్నా?”

“మధ్యలో ఏ లెన్సయినా బాగానే ఉంటుందమ్మా. ఇంత వెడల్పుగా చూసే లెన్సును మూలల్లో చూసి తేల్చాలి.”

“అయితే మూలకే వెళ్లండి.”

“ఇదిగో, ముఖం పక్కకు సాగిపోయింది. అంచులు అలికేసినట్టున్నాయి. ఆ మూల కత్తిరించెయ్.”

“మధ్యలో నా ముఖం గుమ్మడికాయలా ఉంది, దాన్ని కత్తిరించమనరేం?”

“వేళాకోళాలొద్దు. ఈ లెన్సు పరీక్ష తప్పింది.”

“టైమరు పెట్టి పరుగెత్తుకొచ్చి, చోటు లేక అన్నయ్య ఆ మూలన నిలబడ్డాడు. వాడి ఆఖరి ఫోటో ఇదే. పోయినప్పటి నుంచి మీరు వాడి పేరైనా ఎత్తలేదు. ఇప్పుడు ఫోటోలోంచి కూడా తీసేద్దామా?”

ఆయన చేయి తెర అంచున ఆగిపోయింది. సాగిన ఆ చెంపను వేలితో మెల్లగా నిమిరాడు.

“లెన్సు తప్పినా, నవ్వు మాత్రం చెదరలేదే.”

“ఎవరి నవ్వు, నాన్నా?”

“నా కొడుకుదమ్మా... మన విభాకర్‌ది.”