బత్తాయంత మోటారు

మోకాళ్లు మొరాయించాక తాత మిట్టమీది చెల్లెలి గడప తొక్కలేదు. మనవరాలు ఆయన సైకిలుకి బొమ్మ విమానం మోటారు బిగించింది.

"బత్తాయంత లేదు, నన్ను మోస్తుందా? మొన్నటిది మాడిపోయిందిగా."

"అప్పుడు పెద్ద కంట్రోలర్ పెట్టాను తాతయ్యా. మోటారు తట్టుకోలేనంత కరెంటు తోసింది. ఈ కంట్రోలర్ దీనికి సరిజోడు."

"ఇదీ మాడితే?"

"ఇంకోటి లేదు. ఎక్కు."

"ఈ సైకిలు మీద ఏనుగుని ఎక్కించుకెళ్లాను, తెలుసా?"

"పోయినసారి దున్నపోతన్నావ్. ఎక్కు."

మిట్టపైన, చెల్లెలి గుమ్మం ముందు, మనవరాలు రొప్పుతూ తాతని అందుకుంది.

"ఎలా ఉంది తాతయ్యా?"

"కాలు కదపలేదే అమ్మడూ. మిట్టే వంగి నన్ను ఎత్తుకున్నట్టుంది."

"నీ చెల్లెలికి ఏం చెబుతావ్?"

"జరిగింది జరిగినట్టే చెబుతాను. ఏనుగుని నమ్మింది గానీ, దీన్ని మాత్రం నమ్మదు."